మూత్రం మంటకి మూలికల షాపు పొడి వాడాను, 5కి 2 ఇస్తున్నా

ముందే చెప్పేస్తున్నానండీ, షాపు పేరు రాయను. ఆ పెద్దాయన మంచోడే, నాకేం పగ లేదు, పైగా మా వీధిలో సగం మంది ఆయన కస్టమర్లే. కాలవ గట్టు మీద పాత పెంకుటిల్లు, ముందర అరుగు, లోపల మూలికల బస్తాలు, ఇలాంటి షాపు రాజోలు నుంచి భీమవరం దాకా ఊరికొకటి ఉంటది కాబట్టి పేరుతో పని కూడా లేదు. నేను రాసేది ఆయన దగ్గర కొన్న "మూత్రం మంట, ఇన్ఫెక్షన్" పొడి గురించి, దాంతోపాటు అంటగట్టిన సీసా మందు గురించి, ఆ తర్వాత మా మేనకోడలు ఆన్‌లైన్లో తెప్పించిన క్రాన్‌బెర్రీ సాషేల గురించి. మూడూ నా డబ్బులతోనే కొన్నా, ఎవరూ ఫ్రీగా ఇవ్వలేదు.

నాకు రావులపాలెంలో చిన్న బ్లౌజుల షాపు ఉంది. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే పొద్దున్న తొమ్మిదికి మిషన్ ఎక్కితే రాత్రి తొమ్మిదికి దిగడం, పెళ్ళికూతురి బ్లౌజు అయితే ఇంక పన్నెండే. మా కాంప్లెక్స్‌లో ఆరు షాపులు, ఆరింటికీ కలిపి ఒక్కటే బాత్రూమ్, దాని తాళం వెనకాల వాచ్‌మన్ దగ్గర, ఆయనేమో ఎప్పుడు చూసినా టీ కొట్టు దగ్గరే. ఆడవాళ్ళకి తెలుసు ఇలాంటప్పుడు ఏం చేస్తామో, నీళ్ళు తాగడం మానేస్తాం. లీటరు బాటిల్ పొద్దున తెచ్చుకుంటే సాయంత్రం ముప్పావు బాటిల్ అలాగే ఇంటికి తిరిగొచ్చేది. పెళ్ళిళ్ళకి బస్సులో వెళ్ళేటప్పుడూ ఇంతే, కళ్యాణ మండపంలోనూ ఇంతే, పట్టుచీర కట్టుకున్నాక నీళ్ళ గ్లాసు కేసి చూడను కూడా చూడం. నా రోగానికి మూలం ఇదే అని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు.

ఒక గురువారం పొద్దున్న లేచేసరికి మొదలైంది. బాత్రూమ్‌కి వెళ్తే కారం రాసినట్టు మంట, వచ్చేది నాలుగు చుక్కలు, బయటికొచ్చి చీర సర్దుకునేలోపు మళ్ళీ వెళ్ళాలనిపించడం. పొత్తికడుపు కింద బరువు, మూత్రం చిక్కగా అదో రకం వాసన. మా అత్తయ్య గారు వినగానే "ఉష్ణం చేసిందే, నేను చెప్తూనే ఉన్నా ఆ మిషన్ దగ్గర కూర్చోవద్దని" అన్నారు. మన వైపు మూత్రం మంట అంటే ఉష్ణం చేసినట్టే, ఇంకో మాట లేదు. సబ్జా గింజలు నానబెట్టారు, బార్లీ కాశారు, మా ఆయన రెండు బోండాలు కొట్టించుకొచ్చారు. సాయంత్రానికి కాస్త నయమనిపించినా రాత్రి మళ్ళీ అదే. పక్క షాపు వదిన ఉంది కదా ఫ్యాన్సీ స్టోర్, ఆవిడ చెప్పింది ఈ మూలికల షాపు గురించి, "మూడు రోజుల్లో తగ్గకపోతే నన్నడుగు, ఇంగ్లీషు మందులు వాడావంటే ఒళ్ళు పాడైపోద్ది" అని. నిజం చెప్పొద్దూ, నాక్కూడా డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఈ విషయం చెప్పాలంటే సిగ్గే.

షాపు మాత్రం భలే ఉంటదండీ, ఆ మార్కులు కొట్టలేం. అడుగుపెట్టగానే శొంఠి, వస, ఎండిన వేర్లు, కర్పూరం అన్నీ కలిసిన వాసన. గోడ మొత్తం చిన్న చిన్న చెక్క అరలు, ఒక్కోదాని మీద పెయింటుతో రాసిన పేర్లు, సగం చెరిగిపోయాయి, అయినా ఆయన చూడకుండానే చెయ్యి పెట్టి తీసేస్తాడు. ఎలక్ట్రానిక్ కాటా ఉంది కానీ దాని మీద గుడ్డ కప్పి, పాత ఇత్తడి త్రాసులోనే తూస్తాడు. డెబ్బై దాటి ఉంటాయి ఆయనకి. "ఎన్నాళ్ళబట్టమ్మా? మంటా, పోట్లా? రాయి గానీ ఉందన్నారా ఎప్పుడన్నా?" ఇవే మూడు ప్రశ్నలు. జ్వరం ఉందా, షుగర్ ఉందా, కడుపుతో ఉన్నావా, వేరే మందులేమన్నా వాడుతున్నావా, ఇవేమీ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీనికి.

అడిగితే మాత్రం ఓపిగ్గా అన్నీ చూపించాడు. ఒక అరలోంచి నాలుగు కాయలు తీసి నా అరచేతిలో వేశాడు, చూస్తే పల్లేరు కాయలు! "ఇదేనమ్మా గోక్షురం అంటే, మీ చేలో తొక్కేదే" అన్నాడు. మా పుట్టిల్లు అంతర్వేది వైపు ఇసక నేల, చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగితే అరికాలు నిండా ఈ ముళ్ళే, సైకిల్ పంచర్లు కూడా సగం వీటి వల్లే, అలాంటిది నలభై ఏళ్ళొచ్చాక డబ్బులిచ్చి కొనుక్కుంటున్నానని నవ్వొచ్చింది. ఇంకా కొండపిండి, నేల ఉసిరి, ఉలిమిడి చెక్క, ధనియాలు, ఏలక్కాయ, అటికమామిడి వేరు కలుపుతానన్నాడు. అటికమామిడి అంటే పునర్నవ అంటారే అది. కానీ ఆయన అరలోంచి తీసింది చూస్తే నాకు మా పెరట్లో పప్పులో వేసుకునే గలిజేరు లాగా అనిపించింది, ఈ రెండూ వేరు వేరు మొక్కలు, చాలాచోట్ల ఒకే పేరు మీద అమ్మేస్తుంటారు. ఎండిపోయి ముక్కలైపోయాక ఎవరు గుర్తుపడతారు చెప్పండి, నేనడగలేదు.

పావుకేజీ పొడి 320 రూపాయలు, సీసా చందనాసవం 180, మొత్తం 500. ఫోన్‌పే లేదు, చిల్లర కావాలి. సీసా కంపెనీది, దాని మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఏమేం వేశారో అన్నీ ఉన్నాయి, పులియబెట్టే మందు కాబట్టి అందులో దానంతట అది పుట్టిన ఆల్కహాల్ ఉంటుందని కూడా చిన్న అక్షరాల్లో రాశారు (మా ఆయన ఇది చదివి "ఆయ్, అయితే నాకూ ఉష్ణం చేసింది" అన్నారు). పొడి మాత్రం మామూలు ప్లాస్టిక్ కవర్, పైన చేత్తో రాసిన స్టిక్కర్, "మూత్రం మంట, ఇన్ఫెక్షన్", అంతే. తేదీ లేదు, ఏమేం కలిపాడో లేదు, ఎన్నాళ్ళు వాడొచ్చో లేదు. ప్యాకింగ్‌కి 5కి 1, ఆ ఒక్కటీ ముడి గట్టిగా వేసినందుకు.

గోడ మీద "కిడ్నీలో రాళ్ళు 21 రోజుల్లో కరిగించబడును" అని పెద్ద ఫ్లెక్సీ కూడా ఉంది. ఇలాంటి ప్రకటనలు చెయ్యకూడదని 1954లోనే కేంద్ర చట్టం వచ్చిందట, కొన్ని జబ్బుల లిస్టు పెట్టి వీటికి మందుందని ప్రచారం చేయకూడదన్నారు, ఆ లిస్టులో కిడ్నీ రాళ్ళు కూడా ఉన్నాయి. చట్టం అలా ఉంది, ఫ్లెక్సీ ఇలా ఉంది.

వాడే పద్ధతి, రెండు స్పూన్ల పొడి రెండు గ్లాసుల నీళ్ళలో వేసి అరగ్లాసు అయ్యేదాకా మరిగించి వడకట్టి పరగడుపున, మళ్ళీ సాయంత్రం. దాంతోపాటు రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, పచ్చళ్ళు బంద్, కారం బంద్, కోడి బంద్, చేప బంద్. గోదారోళ్ళకి చేప బంద్ అంటే సగం జైలు శిక్షే అయినా సరేనన్నా. రుచి ఎలా ఉంటదంటే వానకి తడిసిన ఎండుగడ్డిని మరగబెడితే ఎలా ఉంటదో అలా, మొదట వగరు, మింగాక చేదు, ఎంత వడకట్టినా అడుగున బురద మిగిలి పళ్ళ సందుల్లో ఇరుక్కుంటది. పల్చటి నూలు గుడ్డలో వడకడితే కాస్త నయం, స్టీల్ జల్లెడ పనికిరాదు. ఇల్లంతా ఆ వాసనే, మా అబ్బాయి రెండు రోజులు వంటింట్లోకి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రోజు ఏం తేడా లేదు. రెండో రోజు సాయంత్రానికి మంట బాగా తగ్గింది, నిజంగా తగ్గింది, అబద్ధం చెప్పను. మూడో రోజు ఆదివారం హాయిగా ఉంది, నేనే ఇద్దరికి ఫోన్ చేసి ఈ షాపు గురించి చెప్పా. ఈ రివ్యూ ఆ ఆదివారం రాసి ఉంటే 5కి 5 పడిపోయేవి, ఆన్‌లైన్లో ఇలాంటి మందులకి కనపడే రివ్యూల్లో చాలా వరకు అలా మూడో రోజు రాసినవే అని నా డౌటు. నాలుగో రోజు సాయంత్రం మళ్ళీ మొదలైంది, పొడి ఇంకో స్పూను ఎక్కువేసి తాగా. ఐదో రోజు రాత్రి భోజనం దగ్గర కూర్చుంటే వణుకు పుట్టింది, మార్చి నెలలో రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు, కుడివైపు నడుం పైన, పక్కటెముకల కింద ఎవరో గుద్దినట్టు నొప్పి, తిన్నదంతా వాంతి. జ్వరం 103. అర్ధరాత్రి ఆటోలో హాస్పిటల్‌కి.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న పిల్ల, ఆవిడ నడుం మీద వేళ్ళతో ఇలా తట్టగానే నేను ఎగిరిపడ్డా. "ఎన్ని రోజుల నుంచమ్మా?" అంది, చెప్పా, పొడి సంగతి కూడా చెప్పా. తిట్టలేదు పాపం. బొమ్మ గీసి చూపించింది, ఆడవాళ్ళకి మూత్రం బయటికొచ్చే గొట్టం పొడవు నాలుగు సెంటీమీటర్లే ఉంటుందట, అందుకే పేగుల్లో ఉండే సూక్ష్మజీవి సులువుగా మూత్రాశయంలోకి ఎక్కేస్తది, అక్కడ ఆగిపోతే మంట, అక్కడినుంచి కిడ్నీకి ఎక్కితే వణుకు, జ్వరం, నడుం నొప్పి, వాంతులు. "మీది పైకి ఎక్కేసింది" అంది. అప్పుడే నాకు ఇది ఉష్ణం కాదు, లోపల ఒక జీవి ఉంది అని బుర్రకి ఎక్కింది.

కల్చర్ టెస్ట్‌కి, అంటే మూత్రంలో ఏ జీవి ఉందో పెంచి చూసే పరీక్షకి, మూత్రం పట్టించారు, దీనికీ ఒక పద్ధతి ఉంది, నాకు తెలీదు కాబట్టి రాస్తున్నా. ముందు శుభ్రంగా కడుక్కోవాలి, మొదట వచ్చేది వదిలేసి మధ్యలో వచ్చేది మాత్రం వాళ్ళిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి, డబ్బా లోపల వేలు తగలకూడదు, యాంటీబయాటిక్ మొదలెట్టక ముందే ఇవ్వాలి. రిపోర్టు రెండు రోజులకి వచ్చింది. ఈ. కోలి అట, డాక్టరమ్మ చెప్పిన ఆ పేగుల జీవే, లెక్క మిల్లీలీటరుకి లక్ష పైనే. మూత్రం ఇన్ఫెక్షన్లలో ఎక్కువ శాతం దీనివల్లేనట. కింద పెద్ద టేబుల్, ఒక్కో మందు ఎదురుగా ఎస్ లేదా ఆర్. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే జీవి లెక్కచేయదు. నాకు నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రెండిటికీ ఆర్. మెడికల్ షాపులో చీటీ లేకుండా అడిగితే ఇచ్చే బిళ్ళలు ఇవే కదండీ, ఇదివరకు రెండుసార్లు అలా కొనుక్కుని రెండేసి రోజులు వేసుకుని తగ్గగానే ఆపేసిన ఘనత కూడా నాదే, కాబట్టి తప్పంతా పొడిదే అనడానికి లేదు. నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్ ఎదురుగా ఎస్ ఉంది. మరి అవి ఇవ్వొచ్చుగా అంటే, అవి మూత్రాశయం దాకానే బాగా పనిచేస్తాయమ్మా, కిడ్నీ కండలోకి సరిపడా వెళ్ళవు, మొదటి రోజే వచ్చుంటే ఐదు రోజుల క్యాప్సూల్స్‌తోనో ఒక్క సాషేతోనో అయిపోయేది, ఇప్పుడు ఇంజెక్షన్లే అంది. ఏడు రోజుల ఇంజెక్షన్లు, బిల్లు 11,400. ఆ క్యాప్సూల్స్ కొన్ని వందల్లో పోయేవి. ఈ లెక్కే నన్ను ఇంత పెద్ద రివ్యూ రాయిస్తోంది.

మరి రెండో రోజు మంట ఎందుకు తగ్గింది? ఈ ప్రశ్న నన్ను చాన్నాళ్ళు తొలిచింది. మా అన్నయ్య కూతురు కాకినాడలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, చూడ్డానికి వచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి అడిగా. అది మొదట అడిగిన ప్రశ్న "అత్తా, పొడి తాగిన రోజుల్లో నీళ్ళెన్ని తాగావ్?" అని. మూడు లీటర్లు, పెద్దాయన చెప్పాడు కదా. అంతకుముందు? పావు లీటరు. "ఇంకేం మరి" అంది. 2018లో బల్గేరియాలో 140 మంది ఆడవాళ్ళ మీద చేసిన ఒక స్టడీ ఉందట, పదే పదే ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళు, నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు, వాళ్ళలో సగం మందిని రోజూ తాగేదానికి పైన ఇంకో లీటరున్నర తాగమన్నారు, ఏడాది తిరిగేసరికి ఎక్కువ తాగినోళ్ళకి సగటున 1.7 సార్లు వస్తే, మిగతావాళ్ళకి 3.2 సార్లు వచ్చింది. నీళ్ళకే ఇంత తేడా. పైగా మూత్రం పలచబడితే మంట అంతగా తెలియదు, జీవి మాత్రం లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటది. ఇంకోటి, చిన్న ఇన్ఫెక్షన్ అయితే కొంతమందికి ఏ మందూ లేకుండా వారంలో దానంతటదే పోద్దట, ఆ వారంలో ఏది తాగితే దానికే పేరు. మా ఫ్యాన్సీ స్టోర్ వదినకి అలాగే పోయుంటది.

అది ఇంకో విషయం చెప్పింది, నాకు బాగా నచ్చింది. వీళ్ళ కాలేజీల్లో ప్రాజెక్టులు చాలా వరకు ఇలాంటి మొక్కల మీదేనట, పల్లేరు, అటికమామిడి, నేల ఉసిరి. ఒక గాజు ప్లేటులో జెల్లీ లాంటిది పోస్తారు, దాని మీద ఈ. కోలి పూస్తారు, జెల్లీలో చిన్న గుంటలు చేసి మొక్క సారం చుక్కలు వేస్తారు, రాత్రంతా 37 డిగ్రీల్లో పెడతారు. పొద్దున్న చూస్తే ప్లేటంతా తెల్లగా పొర కట్టి ఉంటది, గుంట చుట్టూ మాత్రం జీవి పెరగకుండా ఖాళీ వలయం, దాన్ని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఫోన్లో ఫోటో చూపించింది, మన ముగ్గు మధ్యలో చెయ్యి పెట్టి చెరిపినట్టు గుండ్రంగా. నేను వెంటనే "చూశావా మరి పనిచేస్తుందిగా" అన్నా. దానికి నవ్వొచ్చింది. "అత్తా, మేము సారం తీసేది మిథనాల్‌లో, నువ్వు మరగబెట్టింది నీళ్ళలో, రెండిట్లోకీ దిగే పదార్థాలు ఒకటే కావు. మేము తీసిన సారాన్ని ఎండబెట్టి చిక్కగా నేరుగా జీవి మీదే వేస్తాం. నువ్వు తాగింది పేగుల్లో ఎంత ఇంకాలి, లివర్ దాన్ని ఏం చెయ్యాలి, చివరికి మూడు లీటర్ల నీళ్ళల్లో కలిసి మూత్రంలోకి ఎంత రావాలి? ప్లేటులో ఫినాయిల్ వేసినా వలయం వస్తది, తాగుతామా?" అంది. ఇంక నేనేం మాట్లాడతా.

అలాగని మొక్కలన్నీ దండగ అని అది అనలేదు, నేనూ అనట్లేదు. యూరప్‌లో మూడు మొక్కలు కలిపి (అందులో రోజ్‌మేరీ ఒకటి) కొలత ప్రకారం చేసిన మందుని ఫాస్ఫోమైసిన్‌తో పోటీపెట్టి 2018లో ఫలితాలు వేశారు, 659 మంది ఆడవాళ్ళు, మామూలు ఇన్ఫెక్షన్, జ్వరం లేనివాళ్ళు. మొక్కల మందు వాడినోళ్ళలో 83.5 శాతం మందికి ఆ తర్వాత యాంటీబయాటిక్ అవసరం పడలేదు, ఫాస్ఫోమైసిన్ వాడినోళ్ళలో 89.8 శాతం మందికి ఇంకో యాంటీబయాటిక్ అవసరం పడలేదు. తీసిపారేసే సంగతేం కాదు. కానీ జర్మనీలో ఇంకో ఆకు సారం, ఉవా ఉర్సీ అంటారు, దాన్ని ఇలాగే ఫాస్ఫోమైసిన్‌తో పోలిస్తే యాంటీబయాటిక్స్ వాడకం అయితే తగ్గింది గానీ మంటా బాధా ఎక్కువ పడ్డారు, కిడ్నీ దాకా ఎక్కినోళ్ళు కూడా ఆకు వాడినవాళ్ళలోనే ఎక్కువ కనిపించారు. వాళ్ళందర్నీ డాక్టర్లు వెనకే ఉండి చూసుకున్నారు, పెరిగితే వెంటనే మందు మార్చారు. నన్నెవరు చూశారు, ఫ్యాన్సీ స్టోర్ వదిన.

క్రాన్‌బెర్రీ సాషేలకి వద్దాం. 30 సాషేలు 870 రూపాయలు. నీళ్ళలో వేస్తే ఎర్రగా పుల్లగా తియ్యగా, మా అబ్బాయి జ్యూస్ అనుకుని ఒకటి తాగేశాడు. అత్తయ్య గారు డబ్బా మీద బొమ్మ చూసి "వాక్కాయలే కదే, మన చెట్టువి ఎండబెడితే సరిపోయేది" అన్నారు. కాదండీ, రంగూ పులుపూ ఒకలా ఉన్నా వాక్కాయ వేరే జాతి, క్రాన్‌బెర్రీ చలిదేశాల్లో తడి నేలల్లో పండేది, వాక్కాయ పులిహోరకి ఇన్ఫెక్షన్ ఆగుద్దని ఎవరూ తేల్చలేదు. క్రాన్‌బెర్రీలో ఉండే ఒక పదార్థం ఈ. కోలి ఒంటి మీద ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి వాటిని మూత్రాశయం గోడకి అతుక్కోనివ్వదట, అతుక్కోకపోతే మూత్రంతో పాటు కొట్టుకుపోద్ది. 2023లో అప్పటిదాకా జరిగిన స్టడీలన్నీ కలిపి చూస్తే, పదే పదే వచ్చే ఆడవాళ్ళలో మళ్ళీ వచ్చే ప్రమాదం సుమారు పాతిక శాతం తగ్గిందని తేలింది. అది రాకుండా చూసుకోడానికి, వచ్చాక తగ్గించడానికి కాదు. నా సాషేలో ఇంకోటి కూడా ఉంది, డి-మానోస్ అనే చక్కెర, దాన్నే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసి డబ్బులు లాగుతున్నారు, దాని మీద బ్రిటన్‌లో 598 మంది ఆడవాళ్ళ మీద ఆరు నెలలు చేసిన స్టడీ 2024లో వచ్చింది, మందేమీ లేని ఉత్తుత్తి పొడి తిన్నదానికీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే సాషేలో సగం పనికొచ్చేది, సగం తీపి. రెండు నెలలు వాడా, మళ్ళీ రాలేదు, కానీ ఆ రెండు నెలలూ నీళ్ళు కూడా బాగా తాగా కాబట్టి క్రెడిట్ ఎవరికివ్వాలో తెలీదు. 5కి 3. రక్తం పలచబడే వార్ఫరిన్ బిళ్ళలు వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఒంట్లో కుదుటపడ్డాక మళ్ళీ ఆ షాపుకి వెళ్ళా, దెబ్బలాడదామనే వెళ్ళా. జరిగింది చెప్పగానే ఆయన మొదటి మాట "పథ్యం తప్పుంటావమ్మా". ఐదు రోజులు చారన్నమే తిన్నా బాబాయ్ గారూ అన్నా. రిపోర్టు ఇచ్చా, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగిచ్చేశాడు. "మంట వరకే నాది, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికే పంపిస్తానమ్మా, నువ్వు జ్వరం అని చెప్పలేదు కదా" అన్నాడు. మీరు అడగలేదు కదండీ అన్నా, అప్పటికి జ్వరం రాలేదు కూడా, వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు కదా అన్నా. కాసేపు త్రాసు తుడుస్తూ కూర్చున్నాడు. డబ్బులు వెనక్కివ్వలేదు, నేనూ అడగలేదు, ఒక పొట్లం ధనియాలు చేతిలో పెట్టి "కాచుకుని తాగమ్మా, దీనికి అపాయం లేదు" అన్నాడు. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. కానీ స్టిక్కర్ మీద ఇన్ఫెక్షన్ అన్న మాట తీసేయమని చెప్పా, చూస్తానన్నాడు. మొన్న మా తోటికోడలు వెళ్తే అదే స్టిక్కర్.

కాబట్టి ఎవరు కొనుక్కోవచ్చు అంటే, ఎండల్లో తిరిగి నీళ్ళు తాగక ఒక పూట మంట అనిపించి, టెస్టులో ఇన్ఫెక్షన్ లేదని తేలినవాళ్ళు, ఆ రుచి తట్టుకోగలిగితే తాగండి, కాదనను. వాళ్ళకైనా ముందు నీళ్ళే చెప్తా, చవక. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రం ఆ గుమ్మం ఎక్కొద్దు, వాళ్ళకి మంట లేకపోయినా మూత్రంలో జీవి కనపడితే మందు వెయ్యాల్సిందేనంట. మగవాళ్ళు, చిన్నపిల్లలు, షుగర్ ఉన్నవాళ్ళు, మూత్రంలో రక్తం కనిపించినవాళ్ళు కూడా నేరుగా డాక్టర్ దగ్గరికే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకైతే మన బోండాం కూడా అడిగే తాగాలి, అందులో పొటాషియం ఎక్కువ. మా అత్తయ్య గారు మిగిలిన పొడి తను తాగుతానన్నారు, ఆవిడకి షుగర్, బీపీకి నీళ్ళు పోయే బిళ్ళ కూడా వాడతారు, పల్లేరు కూడా మూత్రం జారీ చేసేదే అని చెప్పుకుంటారు కాబట్టి రెండూ కలిస్తే ఏమవుద్దో అని నేను ఆ పొడి కవర్ దాచేశా. వెతికి తీశారు. మళ్ళీ దాచా.

మొత్తం మార్కులు: షాపు, వాసన, పెద్దాయన ఓపిక 4. పొడి, మంటకి 3, ఇన్ఫెక్షన్‌కి సున్నా. ప్యాకింగ్ 1. చందనాసవం గురించి చెప్పడానికేం లేదు, తియ్యగా ఉంది, మంచి నిద్ర పట్టింది. అన్నీ కలిపి 2.

అన్నట్టు మా కాంప్లెక్స్ ఓనర్‌కి ఆ 11,400 బిల్లు ఫోటో పంపించా, ఆరు షాపుల ఆడవాళ్ళం కలిసి వెళ్ళి అడిగాం కూడా. రెండో తాళంచెవి చేయించి ఇచ్చాడు, ఎర్ర రిబ్బన్ కట్టి నా మిషన్ పక్కన మేకుకి తగిలించా, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్తున్నారు. ఇప్పుడు బాటిల్ మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతోంది, ఫ్యాన్సీ స్టోర్ వదిన అయితే రోజుకి నాలుగుసార్లు వచ్చి తాళం పట్టుకెళ్తది.